హల్ఫా కొండకు తాళం

కొండదారికి అడ్డంగా ముళ్లతీగ కట్టింది వేరే ఎవరైనా అయ్యుంటే త్రాకీ నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. కట్టింది సొంత తమ్ముడు మిస్బాహ్. అందుకే తిట్లు సరిపోలేదు.

ఆ పొద్దున ఆమె అరచేతికి తోలుముక్క కట్టుకుని, మణికట్టుకు పుల్ల వేలాడదీసుకుని, గాడిదను ముందు తోలుకుంటూ ఎప్పట్లాగే హల్ఫా గడ్డికి బయలుదేరింది. వాగు దాటి గట్టెక్కేసరికి దారి మధ్యలో గుంజ పాతుతూ మిస్బాహ్ కనిపించాడు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో సుత్తి.

"ఏంట్రా ఇది?"

"కంచె, అక్కా."

"కంచె అని నాకూ తెలుస్తోంది, కళ్లింకా పోలేదు. ఎవరికోసం?"

మిస్బాహ్ సుత్తి కింద పెట్టి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "కొండకు విశ్రాంతి ఇవ్వాలని ఫారెస్టు ఆఫీసువాళ్లు నిర్ణయించారు. రెండు చలికాలాలు ఎవరూ హల్ఫా పీకకూడదు. గొర్రెలు కూడా ఎక్కకూడదు."

"విశ్రాంతా! కొండకా! అలిసిపోవడానికి అది చేసే పనేముందిరా? నడుం విరిగేది నాకు, విశ్రాంతి దానికా?"

"మెల్లగా అక్కా, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ టోపీ నీ నెత్తికెక్కడానికి నేనెన్ని మోపులు మోశానో చూసినవాళ్లే వాళ్లంతా."

వెనక వస్తున్న ఆడవాళ్లు ఆగిపోయారు. వాళ్లలో ముందున్నది జహబియా. త్రాకీ పక్కింటి మనిషి, ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న బెంగ లేని మనిషి. "మమ్మల్నెందుకు చూస్తావు మిస్బాహ్? మీ అక్కాతమ్ముళ్లు తేల్చుకోండి. ఇదిగో త్రాకీ, చిన్నప్పుడు నువ్వు వీడికి పెట్టిన రొట్టెలన్నీ వెనక్కి కక్కించు" అంది. ఆడవాళ్లు పకపకా నవ్వారు. మిస్బాహ్ చెవులు ఎర్రబడ్డాయి. త్రాకీకి మాత్రం నవ్వు రాలేదు. గాడిదను వెనక్కి తిప్పింది. అది తిరగనని మొరాయిస్తే దాన్నీ తమ్ముడి పేరు పెట్టే తిట్టింది.

ఆ కొండల మీద హల్ఫాను ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. కస్రీన్ పట్నం చుట్టుపక్కల, రాయి తప్ప మట్టి కనబడని వాలుల మీద అదే నడుమెత్తు దుబ్బులుగా లేస్తుంది. ఎండ ముదిరితే పోచలు చుట్టుకుపోయి సూదుల్లా అవుతాయి, చినుకు పడితే మళ్లీ విచ్చుకుంటాయి. ఒక్కో దుబ్బు మనుషుల కంటే ఎక్కువకాలం బతుకుతుంది. దానికి కొడవలి పెట్టరు. గుప్పెడు పోచల్ని పుల్లకు చుట్టి ఒక్క ఊపున లాగితే పోచ మొదలు దగ్గర ఊడివస్తుంది, దుబ్బు దుబ్బులాగే ఉంటుంది. నానబెట్టి కొయ్యసుత్తితో దంచి పేనితే తాడు. అల్లితే చాప, గాడిద మీద వేసే జంట గంపలు, కుస్‌కుస్ నూకకు ఆవిరి పట్టే బుట్ట. మిగిలింది బేళ్లు కట్టి లారీకెత్తితే కాగితం మిల్లుకు పోతుంది. కరువొస్తే గాడిదలూ దాన్నే తింటాయి, మొహం చిట్లించుకుని.

త్రాకీకి ఇంకా పెళ్లికాని వయసులో తల్లి పోయింది. మిస్బాహ్ అప్పటికి సరిగ్గా నడవడం కూడా నేర్వలేదు. తండ్రి ఆలివ్ కోతలకని తీరప్రాంతానికి పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. త్రాకీ ఆ పిల్లాణ్ణి వీపున కట్టుకుని కొండెక్కేది. నిద్రపోతే రెండు దుబ్బుల మధ్య నీడ చూసి, తేళ్లు లేవని పుల్లతో పొడిచి చూసి, పడుకోబెట్టేది. పెళ్లి మాటలప్పుడు కూడా "నేను ఒక్కదాన్నే రాను, నాతో వీడు కూడా వస్తాడు" అని మొహమాటం లేకుండా చెప్పింది. మొగుడు సాలెం మంచివాడు, సరేనన్నాడు. ఇద్దరు ఆడపిల్లల్ని ఇచ్చి, బావి తవ్వుతూ మట్టి విరిగిపడి పోయాడు. ఆడపిల్లలు పెరిగి పొరుగూళ్లకు కోడళ్లయ్యారు. మిస్బాహ్ బడికి పోయాడు, ఆ పై బడికి కూడా పోయాడు. అతని చదువంతా త్రాకీ అరచేతుల్లో కాయలై మిగిలింది.

అతనికి ఫారెస్టు గార్డు ఉద్యోగం వచ్చిన రోజు ఆమె గొర్రెను కోయించి ఊరందరికీ కుస్‌కుస్ పెట్టింది. "మా తమ్ముడికి ప్రభుత్వం తుపాకీ ఇస్తోంది" అని చెప్పుకుంది. ఇచ్చింది తుపాకీ కాదు, విజిల్. అయినా ఆమె ఆ మాట దిద్దుకోలేదు. మూడేళ్లు ఎక్కడెక్కడో తిరిగి, చివరికి సొంత ఊరి కొండకే బదిలీ అయ్యాడని తెలిసినప్పుడు త్రాకీ ఇరుగుపొరుగుతో గట్టిగా అంది, "ఇక మనకు బెంగ లేదు. కొండ మన చేతిలోకొచ్చింది."

వచ్చీ రాగానే అతను చేసిన మొదటి పని కొండకు తాళం వేయడం.

తాళం వేయడానికి కారణం లేకపోలేదు. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. బార్లీ ఎండిపోయింది, గొర్రెలు ఎండిపోయాయి. మిగిలింది హల్ఫా ఒక్కటే. ఊళ్లన్నీ దాని మీదే పడ్డాయి. లారీలు వరసకట్టాయి. పీకే కాలం, పీకకూడని కాలం అన్న తేడా పోయింది. పై వాలులో ఒక పక్కంతా దుబ్బులు పోయి, బోడిగుండులా తేలింది. అది త్రాకీ కూడా చూసింది. చూసి, ఆ తప్పంతా పక్క ఊరివాళ్లదని తేల్చేసింది.

అసలు చిక్కు గానుగ చాపలతో వచ్చింది. నలగ్గొట్టిన ఆలివ్ ముద్దను గుండ్రటి హల్ఫా చాపల్లో కూరి, దొంతరగా పేర్చి, పైనుంచి మర బిగిస్తారు. చాప కళ్లలోంచి నూనె కారుతుంది, పిప్పి లోపలే ఉండిపోతుంది. చాప వదులుగా ఉంటే ముద్ద బయటికొస్తుంది, మరీ బిగువుగా ఉంటే నూనె దిగదు. ఊరి కింద హాజీ బూరావీ గానుగకు ఏటా ఆ చాపలు త్రాకీయే ఇచ్చేది. ఈసారి హాజీ తనే ఇంటికొచ్చాడు.

"త్రాకీ, ఈ ఏడు కాస్త చినుకు పడి కాయ విరగ్గాసింది. పాత చాపలన్నీ పిగిలిపోయాయి. కోతలకు ముందే కొత్తవి కావాలమ్మా."

"అలాగే హాజీ గారూ, మీరు చెప్పాలా?" అంది త్రాకీ, ఇంట్లో గుప్పెడు హల్ఫా లేకపోయినా.

మిస్బాహ్ కొండ కింద గార్డు గదిలో ఉంటాడు గానీ తిండి మాత్రం అక్క ఇంట్లోనే. పగలంతా కొండను కాసి, పొద్దు వాలేసరికి వచ్చి పళ్లెం ముందు కూర్చుంటాడు. ఆ రోజు త్రాకీ రొట్టె మీద కాస్త ఎక్కువే ఆలివ్ నూనె పోసింది, హరీసా కారం ముద్ద కూడా పక్కన పెట్టింది. మిస్బాహ్ అనుమానంగా చూశాడు.

"ఒక్క గాడిద మోత చాలురా. వెనక వాలు నుంచి తెచ్చుకుంటాను. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుస్తుంది కదక్కా."

"నువ్వు అటు తిరుగు."

"అటు తిరగడానికి కాదు కదా జీతమిచ్చేది."

"అయితే ఆ రొట్టె అక్కడ పెట్టు."

అతను పెట్టేశాడు. చేతులు కూడా తుడుచుకున్నాడు. దాంతో త్రాకీకి ఒళ్లు మండిపోయింది. "పెట్టమంటే పెట్టేయడమేనా? తిను! అన్నం ముందు అలగడం ఏ పంతులు నేర్పాడురా నీకు?"

అతను తిన్నాడు. పుల్ల విరిచినట్టు మళ్లీ అదే మాట అన్నాడు, "కొండెక్కొద్దక్కా." ఆమె టీ గిన్నె పొయ్యి మీద ఠప్పున పెట్టింది.

ఎక్కకుండా ఎలా ఉంటుంది? మరుసటి వారం రాత్రంతా సన్నటి జల్లు పడి తెల్లవారేసరికి తెరిపిచ్చింది. త్రాకీ వాగు వెంబడి చుట్టు తిరిగి వెనక వాలెక్కింది. తొందరలో పుల్లకు గుప్పెడు చుట్టి లాగింది. తడి నేల పట్టు వదిలి దుబ్బులో సగం వేళ్లతో సహా చేతిలోకొచ్చింది. "ఛీ" అని దాన్ని పక్కకు విసిరి ఇంకోటి పట్టింది. అదీ అంతే. ఎండలో నూరుసార్లు లాగినా కదలని దుబ్బులు, దొంగతనానికొచ్చిన రోజే ఇలా ఊడి చేతికి రావాలా అని వాటినీ తిట్టింది. అయినా లాగుతూనే ఉంది. గాడిద మీద ఒక పక్క మోపు నిండింది.

విజిల్ మోగింది.

త్రాకీ తిరిగి చూసింది. మిస్బాహ్ పరుగున వస్తున్నాడు, విజిల్ ఇంకా నోట్లోనే ఉంది.

"నా మీదా విజిల్? గొర్రెననుకున్నావా నన్ను?"

"దూరం నుంచి నువ్వో కాదో తెలియలేదక్కా."

"నా గాడిద కూడా తెలియలేదా?"

అతను కింద పడున్న దుబ్బుల్ని చూశాడు. ఒకటి తీసి వేళ్లకు అంటిన మట్టి దులిపాడు. "ఇదేంటక్కా? తడిలో లాగితే దుబ్బు చచ్చిపోతుందని నాకు చెప్పింది ఎవరు?"

త్రాకీ గొంతు పెంచింది. తల్లి పేరు ఎత్తింది, వీపున మోసిన సంగతి ఎత్తింది, జ్వరం వచ్చి కక్కుకున్న సంగతి ఎత్తింది. మిస్బాహ్ అన్నీ విన్నాడు. విని, గాడిద తాడు పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"గాడిదను గార్డు గదికి తోలుకెళ్లాలి. రూలు. ఇవాళ నిన్ను వదిలితే రేపు మూడూళ్లూ నీ వెనకే ఎక్కుతాయి. అప్పుడు నేనెవరినని ఆపేది?"

కొండ మీంచి గార్డు గది వరకు అతను ముందు, గాడిద మధ్యలో, త్రాకీ వెనక. దారి పొడుగునా ఆమె నోరు మూతపడలేదు. ఊరంతా గుమ్మాల్లోకొచ్చింది. జహబియా చేతులు నడుముకు ఆనించుకుని, "ఏమే, మీ తమ్ముడు నిన్ను కాక గాడిదను అరెస్టు చేశాడా? నీకంటే అదే మెత్తగా కనబడి ఉంటుంది" అంది.

గాడిద మెత్తగా ఏమీ లేదు. త్రాకీ చేతితో తప్ప అది నీళ్లు తాగదు. గార్డు గది బయట కట్టేస్తే ఊరు దద్దరిల్లేలా ఓండ్రపెట్టింది. మొదటి రోజే మిస్బాహ్ కోటు చెయ్యి కొరికి చింపింది. అతను నీళ్ల బకెట్టు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ బతిమాలుతుంటే పొలాల్లోని మనుషులు పని ఆపి చూశారు. త్రాకీకి ఆ ఓండ్ర ఇంట్లోకి వినిపిస్తూనే ఉంది. వెళ్లలేదు. చెవుల్లో దూది పెట్టుకుంది.

చివరికి మిస్బాహ్ పై అధికారి, రేంజరు, హెచ్చరికతో సరిపెట్టాడు. మిస్బాహ్ గాడిదను తోలుకుని అక్క గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. చిరిగిన చెయ్యి వేలాడుతోంది. త్రాకీ గాడిద మెడ నిమిరింది, డొక్క తడిమి చూసింది. తమ్ముడి వంక చూడకుండానే చెయ్యి చాపింది.

"కోటు విప్పు."

"పరవాలేదక్కా."

"విప్పరా! ప్రభుత్వం కోటు అలా వేలాడేసుకుని తిరిగితే ఎవరి పరువు పోతుంది? నాదే కదా."

ఆమె కుడుతున్నంతసేపూ తిట్టింది. అతను గుమ్మంలో చలికి ముడుచుకుని కూర్చుని విన్నాడు.

గానుగ చాపల సంగతి మాత్రం చెడిపోయింది. చెప్పిన వేళకు చాపలు రాకపోయేసరికి హాజీ బూరావీ పట్నం నుంచి నైలాన్ చాపలు తెప్పించాడు. త్రాకీ చూడ్డానికి వెళ్లింది. తెల్లగా, నున్నగా, అన్నీ ఒకే కొలత. హాజీ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"ఏం చెయ్యను త్రాకీ? కాయ ఆగదు కదా. ఇవి కడుక్కోవడం కూడా తేలిక."

"బాగున్నాయి హాజీ గారూ. ప్లాస్టిక్ దువ్వెనల్లా ఉన్నాయి" అంది త్రాకీ. తిరిగి వస్తూ ఎవరి మీద కోపగించుకోవాలో కాసేపు తేల్చుకోలేకపోయింది. హాజీ తప్పు లేదు. నైలాన్‌కు నోరు లేదు. చివరికి కోపం మిస్బాహ్ దగ్గరికే చేరింది.

చలి తగ్గుతుండగా అతను కొత్త కబురుతో వచ్చాడు. బోడి వాలు మీద ఆఫీసువాళ్లు హల్ఫా నాటించబోతున్నారు. నల్ల సంచుల్లో పెంచిన మొక్కలు లారీలో వస్తాయి. ఆడకూలీలు కావాలి.

త్రాకీ తల బాదుకుంది. "హల్ఫాని నాటుతారా? మా అమ్మ నాటలేదు, వాళ్లమ్మ నాటలేదు. దాన్ని పుట్టిన చోటు నుంచి కదిపితే బతకదురా. తేలును పెంచుకున్నట్టే ఇదీ."

"పని ఉంది. వస్తావా, రావా?"

గానుగ పోయాక ఆమెకు వేరే పని ఎక్కడుంది? వెళ్లింది. జహబియా కూడా వచ్చింది. వాలు పొడుగునా నెలవంకల్లాగా రాళ్లు పేర్చి, లోపల గుంత తీసి, సంచి చింపి, మొక్క పెట్టి, డబ్బాతో నీళ్లు పోయాలి. మొక్క అంటే ఏముంది, నాలుగు పోచలు. పిల్లి మీసాల్లా ఉన్నాయని జహబియా నవ్వింది. త్రాకీ ప్రతి మొక్కను పెడుతూ "పో, చావు" అన్నట్టే పెట్టింది, కానీ మట్టి మాత్రం గట్టిగా నొక్కింది. చెడ్డపని చేయడం ఆమె చేతులకు రాదు.

లారీ ఆలస్యంగా వచ్చింది. నాటడం అయ్యీ కాకముందే ఎండలు మొదలయ్యాయి. ఎడారి వైపు నుంచి వేడిగాలి వీచింది. నీళ్ల ట్యాంకు రెండుసార్లు వచ్చి మానేసింది. వేసవి సగమయ్యేసరికి పిల్లి మీసాలన్నీ పచ్చగడ్డి పోలిక పోయి పసుపుపచ్చగా వాలిపోయాయి.

"నేను చెప్పలేదా?" అంది త్రాకీ బావి దగ్గర. "చెప్పలేదా నేను?" అంది రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర. ఎవరూ కాదనలేదు. కాదనేవాళ్లు లేకపోతే గెలుపులో రుచి ఏముంటుంది? మిస్బాహ్ కూడా కాదనలేదు. రొట్టె తిని, "అవునక్కా, చచ్చిపోయాయి" అని లేచిపోయాడు. ఆ మాట ఆమెకు తిట్టు కంటే ఎక్కువ చిరాకు తెప్పించింది. వాదించని తమ్ముడితో ఏం చేసుకోవాలి?

శరదృతువు మొదట్లో, ఒక మధ్యాహ్నం, ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. ఆ వాన వానలా లేదు, ఎవరో కుండ బోర్లించినట్టుంది. త్రాకీ గాడిదను లోపలికి లాగేలోపే బోడి వాలు నుంచి ఎర్రటి బురద కిందికి దిగింది. రాళ్లు దొర్లాయి. పెరట్లో వాననీళ్లు పట్టుకునే నేలతొట్టి నోటిలోకి ఆ బురదంతా గుటకలు మింగినట్టు దిగిపోయింది. ఏడాదికి సరిపడా తాగునీళ్లు. ఆమె తొట్టి మూత మీద పడి చేతులతో ఆపబోయింది. జహబియా వెనక నుంచి చీర కొంగు పట్టినట్టు ఆమె ఒంటికి చుట్టుకున్న మెలియా అంచు పట్టి లాగింది. "నీళ్లు పోతే పోయాయి, నువ్వు కూడా దిగిపోతావా?"

వాన వెలిశాక చూస్తే, కంచె లోపల విశ్రాంతి తీసుకున్న వాలు నుంచి వచ్చే పాయలో నీళ్లు తేటగా ఉన్నాయి. దుబ్బుల మొదళ్ల దగ్గర మట్టి ఎక్కడిది అక్కడే ఉంది. ఆ పాయ, ఈ పాయ ఊరి మొదట్లోనే కలుస్తాయి. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. చూడకుండా ఉండటానికి వీల్లేనంత స్పష్టంగా ఉంది.

మిస్బాహ్ పార పట్టుకుని వచ్చాడు. మోకాళ్లదాకా బురద. తొట్టిలోకి తొంగిచూశాడు. త్రాకీ మెట్టు మీద కూర్చుని ఉంది.

"నీ కొండ నా ఇంటికొచ్చిందిరా" అంది.

"తీసేద్దాం అక్కా."

"అనవేం? నీ నోట్లో మాట పెట్టుకుని నిలబడ్డావు కదా. అక్కా, నువ్వు పీకిన దుబ్బులే ఇవాళ దిగొచ్చాయి అను. అనేయ్, నాకూ కాస్త తేలికవుతుంది."

అతను తొట్టిలోకి దిగి పారతో బురద ఎత్తడం మొదలుపెట్టాడు. త్రాకీ తాడుకు బుట్ట కట్టి పైకి లాగింది. జహబియా మోసుకెళ్లి పారబోసింది. ఆ పని పూర్తయ్యేసరికి ముగ్గురిలో ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు, అదొక్కటే ఆ వారంలో జరిగిన మేలు.

వానలు కుదురుకున్నాక మిస్బాహ్ ఇంకో ఆలోచన చెప్పాడు. ఈసారి ఎండకు వదిలేయకుండా, వాలు మీద మిగిలిన రోజ్‌మేరీ పొదల పక్కన, వాటి నీడలో నాటాలని రేంజరు అంటున్నాడట. వేసవికి ముందు కాదు, చలికాలం మొదట్లోనే. త్రాకీకి నమ్మకం లేదు. "నీడలో పెడితే హల్ఫా పాడవుతుంది. అది ఎండబిడ్డ" అని వాదించింది. వాదిస్తూనే తోలుముక్క చేతికి కట్టుకుంది. ఆ చలికాలమంతా అక్క, తమ్ముడు, జహబియా, ఇంకా కొంతమంది ఆడవాళ్లు పొదల పక్కన గుంతలు తవ్వారు. త్రాకీ పోట్లాడని రోజు లేదు. గుంత లోతు మీద పోట్లాడింది, రాళ్ల వరస మీద పోట్లాడింది, భోజనానికి తెచ్చిన రొట్టెలో ఉప్పు మీద కూడా పోట్లాడింది.

వేసవి వచ్చింది. చాలా మొక్కలు ఎండిపోయాయి. అన్నీ కాదు. పొదల నీడలో నక్కినవి కొన్ని, పచ్చగా, మొండిగా ఉండిపోయాయి. త్రాకీ వాటిని చూసి వచ్చి రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు జహబియా అడిగింది, "ఏమే, బతికాయటగా?"

"ఎక్కడో ఒకటీ అరా" అంది త్రాకీ. "దానికింత గొప్పేం ఉంది?"

రెండు చలికాలాల గడువు తీరిపోవడంతో కంచె తీశారు, కాలం చూసి, వంతులు వేసి. త్రాకీకి హల్ఫా మళ్లీ చేతికందింది. గానుగ చాపలు ఇక ఎవరికీ వద్దు. ఆమె జంట గంపలు, కుస్‌కుస్ బుట్టలు అల్లి సంతకు పంపడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మిస్బాహ్‌ను ఉత్తరాన ఓక్ అడవులకు బదిలీ చేశారు.

"పోతావా?" అంది త్రాకీ. "నా పని చెడగొట్టావు, నా గాడిదను పట్టుకెళ్లావు, ఇప్పుడంతా కాస్త సర్దుకునేసరికి మూటా ముల్లె సర్దుకుంటావా?"

"నేనడగలేదక్కా, వాళ్లే వేశారు."

"ఎప్పుడూ వాళ్లే! నీకు నోరు లేదా? నా దగ్గర లేచే నోరు వాళ్ల దగ్గర ఎక్కడికి పోతుంది?" అంటూనే బార్లీ పిండి వేయించి, అందులో సోంపు కలిపి మూట కట్టింది. మూట సంచిలో పట్టలేదని మళ్లీ అతన్నే తిట్టింది.

కొత్త గార్డు తీరప్రాంతం మనిషి. మెత్తని మాట, మోకాళ్ల నొప్పులు. కొండ సగం ఎక్కి ఆగిపోతాడు. "పాపం పేదవాళ్లు, పీకనీ" అంటాడు. ఒక పొద్దున, వాన వెలిసి ఇంకా నేల ఆరకముందే పక్క ఊరి ఆడవాళ్లు గాడిదలతో వాగు దాటడం త్రాకీ చూసింది. చేతిలో పిండి చేతిలో ఉండగానే లేచి పరుగెత్తింది. దారి ఇరుకైన చోట రాయి మీద కూర్చుంది.

"తడిగా ఉంది. ఇవాళ పైకి పోకూడదు" అంది రొప్పుతూ.

"ఎవరమ్మా నువ్వు? నీకెవరిచ్చారు అధికారం?" అంది వాళ్లలో ఒకతె.

త్రాకీ దగ్గర టోపీ లేదు, విజిల్ లేదు. "ఎవరూ ఇవ్వలేదు. ఇస్తే ఇలా పిండి చేతులతో వస్తానా? నన్ను తొక్కుకుని పోండి, పోతే."

వాళ్లు కాసేపు అరిచారు. త్రాకీ అంతకంటే గట్టిగా అరిచింది. అరవడంలో ఆమెకున్న అనుభవం వాళ్లకు లేదు. చివరికి గాడిదల్ని తిప్పుకుని, ఆమె ఏడు తరాల్నీ తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఇంటికొచ్చేసరికి పిండి ఎండి పిడచకట్టింది. ఇదంతా ఎవరి మూలాన? అద్దె కారు డ్రైవరు ఉత్తరానికి పోతుంటే ఆపి మరీ చెప్పింది, "మా తమ్ముడు కనబడితే చెప్పు. వాడి కొండను వాడే వచ్చి కాసుకోమను. నాకింట్లో పనుంది."

మిస్బాహ్ పండక్కి వచ్చాడు. ఊళ్లోకి దిగీ దిగగానే జహబియా ఎదురైంది. "వచ్చావా నాయనా? నువ్వే నయం. నువ్వు గాడిదల్నే పట్టుకెళ్లేవాడివి, మీ అక్క మనుషుల్నే అడ్డుకుంటోంది" అంది. మధ్యాహ్నం మాంసం తిన్నాక అక్కాతమ్ముళ్లిద్దరూ పై వాలుకు ఎక్కారు. అక్కడక్కడా హల్ఫా లేచింది, కొన్ని మోకాలెత్తు, కొన్ని జానెడు. మిస్బాహ్ ఒక దుబ్బు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇది మనం నాటిందే అక్కా."

"కాదు. అది దానంతటదే మొలిచింది."

"పక్కన నెలవంక రాళ్లున్నాయి చూడు."

"అవి వానకు దొర్లుకొచ్చిన రాళ్లు."

"వానకు దొర్లిన రాళ్లు వరసగా నిలబడతాయా?"

"ఎందుకు నిలబడవు? నువ్వు చూశావా దొర్లేటప్పుడు?"

అతను లేచి నడుం నిమురుకున్నాడు. ఇంకో దుబ్బు దగ్గరికి నడిచాడు. త్రాకీ వెనకే నడిచింది, ఇంకా వాదిస్తూ. కింద ఊళ్లో ఎవరో టీకి పిలుస్తున్నారు. ఇద్దరికీ వినబడలేదు.